పెద్దదవడ, చిన్నదవడ

మార్కాపురం
7-2-64, శుక్రవారం

అక్క మద్రాసులో దవడ ఆపరేషన్ చేయించుకొని ఈ పొద్దు రైలు దిగింది. నలభై ఆరేళ్ల వయసులో! పొడుచుకొచ్చిన కింది దవడ లోపలికి పోయింది. పండ్లు తీగెతో కట్టినారు, నోరు తెరుచుకోదు, జావ పీల్చుకోవడమే. అయినా ఎంత బాగుందో. చూస్తాంటే నాకు కడుపు మండింది, ఎందుకు దాచాలి?

మా ఇద్దరికీ నాయన పోలికే. ఊళ్లో అక్క పెద్దదవడ, నేను చిన్నదవడ. ఎవరన్నా అట్ల పిలిస్తే నాకంటే ముందు అక్కే కొట్లాటకు పోయేది.

సాయంత్రం పలకల దుకాణం అత్త చూడను వచ్చి, అక్కకు దిష్టి తీసింది. తీసి నావైపు తిరిగి, "ఏమే దవడా, కాఫీ పెట్టవా?" అనింది.

'చిన్న' అనలేదు. ఇంక ఉండేది నేనొక్కదాన్నే కదా.

తీగె కట్టిన నోటితోనే అక్క నవ్వింది.