నల్లబండ ఎన్నికల చరిత్ర, 41వ పేజీ

అనంతపురం,
12-01-2026.

నల్లబండ ఎన్నికల చరిత్ర పుస్తక సంకలన అధికారి గారి సముఖమునకు, విశ్రాంత గ్రామీణ విలేకరి బండి కేశవ (వయసు 71) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: "నల్లబండ శాసనసభ నియోజకవర్గం: ఎన్నికల చరిత్ర (1962–2004)" అను పుస్తకపు చిత్తుప్రతిలో 41వ పేజీయందలి ఒక వాక్యమును తొలగించుట, 1994 ఫలితాల పట్టికలో "ఇతరులు" అను మాటకు బదులు నలుగురి పేర్లు చేర్చుట గురించి.

సూచిక: అభ్యంతరాలకు ఈ నెల 14 వరకు గడువు ఇచ్చిన తమ ప్రకటన.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నల్లబండ నియోజకవర్గం 1962లో ఏర్పడి, పది ఎన్నికలు చూసి, 2009 ఎన్నికలకు ముందు జరిగిన పునర్విభజనలో పొరుగు నియోజకవర్గాల్లో కలిసిపోయింది. ఆ పదింటిలో చివరి ఆరు ఎన్నికలకు నేను వార్తలు పంపాను. చిత్తుప్రతి మొత్తం చదివాను. చిన్న తప్పులు పదకొండు కనిపించాయి. 1972 మెజారిటీలో రెండు అంకెలు తారుమారయ్యాయి. 1985 విజేత ఊరి పేరు తప్పు పడింది. ఇలాంటివన్నీ వేరే కాగితం మీద రాసి జతపరిచాను. వాటిని దిద్దినా దిద్దకపోయినా నాకు నిద్ర పడుతుంది.

2. 41వ పేజీలో ఇలా ఉంది: "నలభై రెండేళ్ల చరిత్రలో ఈ నియోజకవర్గం నుంచి ఒక్క మహిళ కూడా పోటీ చేయలేదు." ఇది వాస్తవం కాదు. 1994లో ఏడుగురు పోటీ చేశారు. వారిలో ఒకరు మహిళ. పేరు బండి హేమావతి, స్వతంత్ర అభ్యర్థి. గుర్తు బకెట్టు. వచ్చిన ఓట్లు 187. ఆమె నా భార్య.

3. ఆమె పోటీకి దిగిన కారణం పుస్తకానికి అవసరం లేకపోయినా, అధికారి వారికి తెలియడం మంచిది. ఆ ఏడాది వేసవిలో మా వీధిలోని చేతిపంపు, అంటే మేము బోరింగు అనేది, చెడిపోయి ఎన్నికలు వచ్చేదాకా బాగుపడలేదు. ఆడవాళ్లు మైలు దూరం పోయి నీళ్లు మోశారు. పేపర్లో రాయమని హేమావతి నన్ను మూడుసార్లు అడిగింది. సొంత వీధి గురించి సొంత పేపర్లో రాయడం పద్ధతి కాదని మూడుసార్లూ చెప్పాను. నాలుగోసారి ఆమె అడగలేదు.

"నీ పేపర్లో మన వీధి లేదు కదా. బ్యాలెట్టు పేపర్లో ఉంటాదిలే," అన్నది.

మరుసటి వారం నామినేషను వేసింది. ఆ రోజుల్లో ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు చాలు. పక్కింటి బయమ్మ వేలిముద్ర వేసింది.

నామినేషను వేసిన తొమ్మిదో రోజు పెద్ద అభ్యర్థి ఒకరి మనుషులు జీపులో వచ్చి బోరింగు బాగుచేసి పోయారు. దాంతో మా వీధి ఓట్లు కూడా అటే పోయాయి. ఒకామె మా ఇంటికి వచ్చి, "ఏమనుకోవద్దక్కా, నీళ్లిచ్చినోళ్లకు ఏయకపోతే పాపం తగులుతాది," అని చెప్పింది. "ఏయి తల్లీ, నేను నిలబడింది నీళ్ల కోసమే," అని హేమావతి ఆమెకు బిందె ఎత్తి పెట్టింది. గెలిచినవాళ్లెవరూ ఆ రోజు ఆమె నవ్వినట్టు నవ్వగా నేను చూడలేదు. నేను ఆరు ఎన్నికల విజయోత్సవాలు చూసినవాడిని.

4. "ఇతరులు" అను మాట పట్టికలోకి వచ్చిన విధము: అది నా మాట. ఓట్ల లెక్కింపు రోజు సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి ఫోనులో ఫలితం చెప్పాను. పార్టీల అభ్యర్థులు ముగ్గురి పేర్లు, ఓట్లు చెప్పి, మిగిలిన నలుగురిని "ఇతరులు: 1,143" అన్నాను. చోటు లేక కాదు. డెస్కు వాళ్లు ఇచ్చిన నాలుగు లైన్లలో అందరి పేర్లూ పట్టేవి. నా భార్య పేరు నా వార్తలో ఉండకూడదనుకున్నాను. ఆమె ఒక్కదాని పేరే వదిలేస్తే అన్యాయమవుతుందని మిగతా ముగ్గురినీ వదిలేశాను. న్యాయంగా చేశాననే అనుకున్నాను.

పొద్దున పేపరు రాగానే ఆమె అడిగింది.

"నా పేరు యాడుండాదయ్యా?"

"ఇతరుల్లో ఉండాది."

"ఇతరులంటే ఎవురు?"

ఆ రోజు నుంచి ఆ మాటను ఆమె తన పేరు చేసుకుంది. నేను అన్నానికి కూర్చుంటే, "విలేకరి గారు తిన్నాక ఇతరులు తింటారు" అనేది. ఎవరైనా వచ్చి ఇంట్లో ఎవరున్నారని బయటి నుంచి అడిగితే, "సారు ల్యాడు, ఇతరులుండారు, రాండి" అనేది. నవ్వుతూనే అనేది. ముప్పై ఏళ్లు అన్నది. కిందటి సంవత్సరం ఫిబ్రవరి 9న ఆమె చనిపోయింది. మొన్న సర్వే వాళ్లు వచ్చి ఇంట్లో మీరు కాక ఇంకెవరున్నారని అడిగారు. ఇతరులు లేరు అని చెప్పి, తలుపు వేసుకున్నాను.

ఈ చివరి నాలుగు వాక్యాలు అభ్యంతరానికి సంబంధించినవి కావు. కొట్టివేయగలరు.

5. తమ పట్టికకు ఆధారం ఆనాటి పేపరు కత్తిరింపు. పుస్తకం వేస్తున్నారని తెలిసి నా పాత కత్తిరింపుల కట్టను తమ కార్యాలయానికి తెచ్చి ఇచ్చినదీ నేనే. కాబట్టి తమ సిబ్బందిని తప్పుపట్టడం లేదు.

6. ఈ నెల 5న తమ సెక్షనులోని రాజేంద్ర గారిని కలిశాను. ఆయన మర్యాదగా కుర్చీ వేసి, ఇంగ్లీషులో అచ్చయిన పాత ఫలితాల జాబితా తెరిచి చూపించారు. అందులో నలుగురు స్వతంత్రుల పేర్లూ ఉన్నాయి. నాలుగో పేరు "బి. హేమపతి". పక్కన పురుషుడు అని ఉంది. ఓట్లు 187. ఇంగ్లీషు అక్షరాల్లో "వ"కు బదులు "ప" కొట్టారు. పేరు మగపేరులా కనిపించేసరికి మనిషిని కూడా మగవాడిని చేశారు.

"హేమావతి అనే క్యాండిడేటు రికార్డులో ల్యాదు కదన్నా. ఈడ హేమపతి ఉండాడు," అన్నారు రాజేంద్ర గారు.

"ఆ హేమపతే హేమావతి. నేను సాక్ష్యం చెప్తాను."

"నువ్వు ఆయమ్మ మొగుడివి. నీ సాక్ష్యం యాడ చెల్లుతాది? నువ్వే చెప్పు, పేపరోడివి కదా, నువ్వైతే రాస్తావా?"

రాయను. ఆ మాటే చెప్పి లేచి వచ్చాను. 1994లో భర్తనైనందున నేను ఆమె పేరు రాయలేదు. ఇప్పుడు భర్తనైనందున నేను చెప్పినా రాయరు. రెండూ పద్ధతి ప్రకారమే జరిగాయి.

7. కావున భర్త కాని సాక్షిని వెతికాను. బయమ్మకు ఇప్పుడు ఎనభై మూడేళ్లు. కదిరిలో మనవరాలి ఇంట్లో ఉంది. ఈ నెల 8న బస్సులో వెళ్లి కలిశాను. చూపు తగ్గింది. గొంతు పోల్చుకుంది.

"ఏమప్పా కేశవా, హేమక్క పోయినంక మనిషివి సగమైనావంట కదా?"

వచ్చిన పని చెప్పాను. బొటనవేలు నా ముఖం మీదికి చాపింది.

"ఇదో, ఈ ఏలే. హేమక్క కాగితంలో ఏసినా. ఆపొద్దు ఆ ఆఫీసరు, ఏమమ్మా, ఇంట్లో మగోళ్లకు చెప్పొచ్చినారా అన్నాడు. మగోళ్లకు చెప్పి చెప్పి యాసారిపోయి ఈడికొచ్చినాం సామీ, అనె హేమక్క. రాసుకో, ఒక్క మాట పోకుండా రాసుకో."

నోటరీ ముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలం, బకెట్టు గుర్తు మీద హేమావతి పేరుతో అచ్చయిన కరపత్రం, ఆనాటి ఓటర్ల జాబితాలో మా ఇంటి నంబరు ఉన్న పేజీ నకలు జతపరిచాను. ఆ పేజీలో మా ఇంటికి ఇద్దరే ఓటర్లు: నేను, హేమావతి. హేమపతి అనేవాడు మా ఇంట్లో గానీ మా ఊళ్లో గానీ ఎన్నడూ లేడు.

కాబట్టి 41వ పేజీలోని వాక్యాన్ని తొలగించి, "1994లో బండి హేమావతి పోటీ చేశారు" అని చేర్చవలెను. పట్టికలో నలుగురు స్వతంత్రుల పేర్లూ ఓట్లతో సహా వేయవలెను. పుస్తకం చివర తప్పొప్పుల పట్టికలో వేస్తే చాలదు. దాన్ని ఎవరూ చదవరని పేపర్లో సవరణలు రాసినవాడిగా నాకు తెలుసు. ఈ నెల 25న పుస్తకం విడుదలైతే, ఆ తర్వాత ఈ నియోజకవర్గం గురించి ఇంకొక పుస్తకం వచ్చే అవకాశం లేదు. నియోజకవర్గమే లేదు.

నాకు తెలిసినంత మేర తమకు విన్నవించాను, దొరికినంత మేర ఆధారాలు జతచేశాను. ఇక చిత్తగించవలసినది తమరు.

ఇట్లు,
తమ విధేయుడు,
బండి కేశవ

తా.క.: ఈ అర్జీని కోర్టు ఎదుటి రేకుల షెడ్డులో జయరాం అనే టైపిస్టు చేత కొట్టించాను. నాకు నలభై ఏళ్లుగా తెలిసినవాడు. సంతకం పెట్టబోతుంటే ఆపి, "అంతా బాగుండాది గానీ, కేశవన్నా, అక్కకు నువ్వు ఓటేసినావా?" అని అడిగాడు. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. హేమావతి కూడా అడగలేదు. ఎవరెవరు తనకు వేసి ఉంటారని అప్పుడప్పుడు వేళ్లు మడిచి చూసుకునేది. మొదటి వేలు నా పేరు చెప్పి మడిచేది. నేను కాదనలేదు. వార్తలు రాసినన్నాళ్లూ ఏ ఎన్నికలోనూ ఎవరికీ ఓటు వేయకూడదని నేను నియమం పెట్టుకున్నాను. 1994లోనూ వేయలేదు. ఇది చెప్పగానే జయరాం సంతకానికి ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకున్నాడు. "అర్జీకి దీంతో పనేముండాదన్నా? ఇదీ కొట్టాల్నా?" అన్నాడు. కొట్టమన్నాను.