ఎల్లాజీ మోపెడ్ బల్బు

అనకాపల్లి,
18 నవంబరు 2007.

ప్రియమైన తబితా అక్కకి,

తమ్ముడు స్టీవెన్ వందనాలు. దేవుని దయవల్ల అమ్మ, స్టాన్లీ బావ, ఫెబా, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. కువైట్ ఆసుపత్రిలో నీకు డ్యూటీలు కాస్త తేలికయ్యాయని రాశావు. అమ్మ ఆ ముక్క నాచేత రెండుసార్లు చదివించుకుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నీ కూతురు ఫెబా లెక్కల్లో ఇంకా వెనకే ఉంది, నోటితో మాత్రం టీచర్ని కూడా గెలిచి వస్తోంది. అమ్మ మోకాలికి నువ్వు పంపిన ఆయింట్‌మెంట్ పనిచేస్తోంది గానీ ఆ వాసనకి పక్కింటివాళ్ల నొప్పులు కూడా పోయేలా ఉన్నాయి. ఇక బావ కారుకి కొత్త లైట్లు ఎలా ఉన్నాయని అడిగావు. ఆ ఒక్కదానికి జవాబు రాయలేకే ఇన్నాళ్లు ఉత్తరం ఆపాను.

చీకటి పడితే బావకి రోడ్డు సరిగ్గా ఆనడం లేదని బెంగపడి నువ్వు పంపిన జినాన్ బల్బులు నా చేత్తోనే బిగించాను. బిగించేటప్పుడే నాకు తెలుసు అక్కా. ఆ హెడ్‌లైటు హాలోజన్ బల్బు కోసం చేసింది. హాలోజన్‌లో రెండు తీగలుంటాయి, ఒకటి దూరానికి, ఒకటి డిమ్ముకి. ఈ జినాన్‌కి ఉన్నది ఒకటే వెలుగు. స్విచ్ ఎటు నొక్కినా తగ్గదు, పైగా ఆ గిన్నెలో కుదురుగా కూర్చోక నలువైపులా చిమ్ముతుంది. నా ఆటో ఎలక్ట్రికల్ షాపులో వెలిగించి చూస్తే ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలు కూడా కనిపించాయి. బావ చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నేనూ నోరు మూసుకున్నాను. అనకాపల్లిలో ఇలాంటి లైట్లు మొదట పెట్టింది స్టీవెనే అనిపించుకోవాలని నాకు గొప్ప. పదమూడేళ్ల పనిలో ఇంత తెలివితక్కువ గొప్పకి ఎప్పుడూ పోలేదు.

కిందటి నెల ఆఖరి ఆదివారం అచ్యుతాపురంలో ప్రార్థన కూటానికి వెళ్లి నేనూ బావా తిరిగొస్తున్నాం. సాయంత్రం ఆరున్నర, చీకటి పడిపోయింది. ఎదురుగా ఒక మోపెడ్ వస్తోంది. అతను లైటు రెండుమూడుసార్లు ఎగరేసి దించాడు, డిమ్ చెయ్యమని. బావ స్విచ్ నొక్కాడు. టిక్కుమంది గానీ మా వెలుగు మారలేదు. అతను చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకోవడం చూశాను. తర్వాత ఆ చిన్న లైటు రోడ్డు మీద లేదు. పొలం దారికి తిరిగి ఉంటాడన్నాడు బావ. అక్కడ పొలం దారి లేదని నాకు తెలుసు. ఆపమని అనలేదు.

మర్నాడు కల్వర్టు కింద శవమై దొరికాడట. పేరు ఎల్లాజీ, పూడిమడక మనిషి. అనకాపల్లిలో చేపలు అమ్ముకుని ఖాళీ బుట్టలతో ఇంటికి పోతున్నాడు. తాగి, లైటు లేకుండా వచ్చి పడ్డాడని ఊరంతా అనేసుకున్నారు.

అసలు చెప్పవలసింది ఇది. తొమ్మిది రోజుల క్రితం అతని భార్య ఎరుకమ్మ నా షాపుకి వచ్చింది. ఆ మోపెడ్ హెడ్‌లైటు ఊడదీయించి తువ్వాల్లో చుట్టి తెచ్చింది. స్టీవెన్ అబద్ధమాడడని చేపల బజారులో ఎవరో చెప్పారట.

“బాబూ, లైటు నేకండా వచ్చేడని అందరూ అంతన్నారు. ఎలిగిందో నేదో నువ్వు సూసి సెప్పు” అంది.

బల్బు విప్పి చూశాను. ఆరిపోయిన బల్బుకి దెబ్బ తగిలితే లోపలి తీగ పుటుక్కున తెగుతుంది. వెలుగుతున్న బల్బుకి తగిలితే వేడి మీదున్న తీగ మెత్తగా సాగిపోతుంది. ఎల్లాజీ బల్బులో తీగ సాగి వేలాడుతోంది.

“నేదమ్మా, ఎలగనేదు” అన్నాను.

ఆమె ఏడవలేదు. “పోన్లే బాబూ. అలాగొచ్చి ఎవుల్నన్నా గుద్దీసుంటే ఆల్ల ఉసురు మాకు తగిలీది” అని నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. నాకు, అక్కా, దణ్ణం.

ఆ సాయంత్రమే లైట్లు విప్పేసి పాతవి పెట్టేశాను. నిన్న బావకి అంతా చెప్పాను. కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టేశాడు. తర్వాత, “మీ అక్కకి మాత్రం తెలీనీకు. ఆ బల్బులు పంపింది తనే కదా, తట్టుకోలేదు” అన్నాడు. తనకి కేసవుతుందని ఒక్క మాట అనలేదు. ఆయన మీద నాకు ఇంత గౌరవం ఎప్పుడూ కలగలేదు, అయినా ఆయన మాట వినలేకపోయాను. నువ్వు ఆయన కోసం బెంగతో పంపావు. కీడని తెలిసీ బిగించింది నేను. ఈ తప్పులో నువ్వు వాటా అడగొద్దు.

ఈ ఉత్తరం పోస్టు చేసి పూడిమడక బస్సెక్కుతాను. అక్కణ్నుంచి పోలీస్ స్టేషన్‌కి. నీ జవాబు కోసం ఆగడం లేదు, నువ్వు వద్దంటే ఆగిపోతానని భయం. నన్ను క్షమించమని అడగను గానీ అమ్మకి ఫోన్ చేసి రెండు మాటలు ధైర్యం చెప్పు.

ఎరుకమ్మ ముందు నిలబడి ఏమనాలో రాత్రంతా ఆలోచించినా మాట కుదరలేదు. “మీ ఆయన లైటు ఎలిగిందమ్మా” అని మొదలుపెడతాను.

ఇట్లు,
నీ చేతుల్లో పెరిగిన తమ్ముడు,
స్టీవెన్