ఇరవై ఒక్క సంతకాలు

25 ఆగస్టు 2011, గురువారం

ప్రెసిడెంట్‌ని అయ్యాను! నిజంగా. మా కాలేజీ స్టూడెంట్స్ యూనియన్‌కి ప్రెసిడెంట్ ఈ మృదులే. ఎలక్షన్ ఏమీ లేదు. ప్రిన్సిపాల్ త్రినాథరావు గారు పిలిచి, ఫైనల్ బీకాం మొత్తంలో నీ అటెండెన్సే బావుందమ్మా, గొడవలు పెట్టుకునే పిల్లలా కనిపించవు, నువ్వే ఉండు అన్నారు. గొడవలు పెట్టుకోనని ఆయనకెవరు చెప్పారో! మా నాయనమ్మ హనుమాయమ్మని అడిగితే తెలిసేది.

కుర్రాళ్ళు ఊరుకోలేదు. సెక్రటరీని మేమే పెట్టుకుంటామని శ్రీనివాస్‌ని ఎత్తి బల్ల మీద నిలబెట్టారు. ఎల్బీనగర్‌లో ఉంటాడు, వాళ్ళది నల్గొండ వైపు ఊరు. తెలంగాణ ఉద్యమం అంటే అన్నం కూడా మానేసి పోతాడు. ఆంధ్రా ప్రెసిడెంటు, తెలంగాణ సెక్రటరీ, గిది మంచిగున్నది అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

యూనియన్ రూమ్ అంటే మెట్ల కింద గది. ఒక బల్ల, మూడు కాళ్ళ కుర్చీ, గోడకి కంప్లైంట్స్ బాక్సు. తాళం తీసి చూస్తే అన్నీ సమోసా కాగితాలు.

ఇంకోటి రాయకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది. ప్రిన్సిపాల్ గారి తల మీద ఉన్నది జుట్టు కాదు. విగ్గు. ఎంత పందెమైనా సరే. ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతోంది, ఒక్క వెంట్రుక కదలలేదు.

3 సెప్టెంబరు, శనివారం

గెలిచాం! లేడీస్ టాయిలెట్ తలుపుకి గడియ వచ్చింది. రెండేళ్ళుగా ఒకళ్ళు లోపలికి వెళ్తే ఇంకొకళ్ళు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఈ సంగతి ప్రిన్సిపాల్‌కి చెబితే చూద్దాం అన్నారు. నేను ప్రతి ఇంటర్వెల్‌కీ ఆయన గది ముందు స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ఏంటమ్మా అంటే, చూస్తున్నాను సార్ అన్నాను. నాలుగో రోజు వడ్రంగి వచ్చాడు.

ఐడియా నాది, కంప్లైంట్ మాత్రం కృష్ణకుమారిది. మా క్లాసే. తుర్కయంజాల్ నుంచి వస్తుంది. వాళ్ళ నాన్న లచ్చయ్య గారు ఆర్టీసీ కండక్టర్. పొద్దున్నే మొదటి బస్సెక్కి, రెండు సందుల అవతల ఉన్న నాకంటే ముందే క్లాసులో కూర్చుంటుంది. ఒళ్ళు మండుతుంది నాకు. గడియ వచ్చినందుకు ఇవాళ సర్వపిండి తెచ్చి పెట్టింది. ఒళ్ళు మంట తగ్గింది.

అటెండెన్స్ కప్పు వరసగా రెండేళ్ళూ నాదే. మూడో ఏడు కూడా గెలిస్తే కప్పు ఇంటికే ఇచ్చేస్తారు. ఈ ఏడు పిన్ని కూతురి పెళ్ళికని రేపల్లె తీసుకెళ్ళి మావాళ్ళు రెండు రోజులు పోగొట్టారు. ఆ పెళ్ళిని ఇంకా క్షమించలేదు.

19 సెప్టెంబరు, సోమవారం

సకల జనుల సమ్మె. ఇవాళ్టి నుంచి బస్సులు కూడా లేవు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు! కాలేజీ గేటు మాత్రం తీసే ఉంది. సెలవని నోటీసు పెట్టలేదు. అటెండర్ రిజిస్టర్‌ని వరండాలో బల్ల మీద పెట్టాడు. నేను సంతకం పెట్టాను. ఎకనామిక్స్ భానుమూర్తి సారు మలక్‌పేట నుంచి స్కూటర్ మీద వచ్చి, నువ్వొక్కదానివేనా, ఇంటికెళ్ళమ్మా, నేనూ పోతా అన్నారు. పదీ ఇరవైకి ఇంట్లో ఉన్నాను.

కృష్ణకుమారి రాలేదు. వాళ్ళ నాన్నే సమ్మెలో ఉంటే బస్సెలా వస్తుంది! అయినా మనసుంటే నడిచి రావచ్చు.

21 సెప్టెంబరు

సంతకం. క్లాసు లేదు. ఇంటికొచ్చి పెసరట్టు తిన్నాను.

24 సెప్టెంబరు

సంతకం. నేనూ, భానుమూర్తి సారూ, ఒక కుక్కా. క్లాసు లేదు.

28 సెప్టెంబరు, బుధవారం

సంతకం. ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వచ్చి కుర్చీలో నిద్రపోయారు, నోరు తెరుచుకుని. గురక వరండా దాకా వినిపించింది. విగ్గు మాత్రం చెక్కుచెదరలేదు. క్లాసు లేదు.

3 అక్టోబరు, సోమవారం

సంతకం పెట్టి, ఏమీ తోచక ఎల్బీనగర్ వైపు నడిచాను. రింగురోడ్డు దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఒక పక్క ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. శ్రీనివాస్ పెద్ద గరిటె పట్టుకుని కనిపించాడు. ఓ హాజరు మేడం, గిట్ల రా, జర తిని పో అని కేక పెట్టాడు. అందరూ చూశారు. తిన్నాను. పప్పు అదిరిపోయింది. రెండోసారి కూడా వేయించుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.

15 అక్టోబరు, శనివారం

ఇరవై ఒకటో సంతకం. ఒక్కటీ వదల్లేదు. ఏ విశేషమూ లేని రోజులకి కూడా డైరీ చివర తారీఖు వేసి, సంతకం, క్లాసు లేదు అని రాసుకున్నాను. నా వీపు నేనే తట్టుకున్నాను. బస్సులు వస్తాయంటున్నారు.

17 అక్టోబరు, సోమవారం

నేను వెళ్ళేసరికి కృష్ణకుమారి కూర్చునే ఉంది! మొదటి బస్సుకే వచ్చిందట. మా నాయినె టికెట్ కొట్టిండు అని మురిసిపోయింది. ఇద్దరం గంతులేశాం.

2 నవంబరు, బుధవారం

నోటీస్ బోర్డు మీద డిటైన్డ్ లిస్టు. అటెండెన్స్ డెబ్బై అయిదు శాతం లేనివాళ్ళ పరీక్ష ఫారం మీద ప్రిన్సిపాల్ సంతకం పెట్టరు. నలభై ఒక్క పేర్లు. అందరూ బస్సు పిల్లలే. నడిచొచ్చే దూరంలో ఉన్నవాళ్ళు మధ్యలో ఒకటి రెండు రోజులు వచ్చి సంతకం పెట్టి గట్టెక్కారు. సమ్మె రోజులన్నీ ఆబ్సెంట్ వేశారు.

కృష్ణకుమారికి డెబ్బై నాలుగు. ఒక్క శాతం. బస్సున్న రోజు ఒక్కటీ మానని పిల్ల. ఈ ఏడు పోతే ఇంట్లో మళ్ళీ పంపరట. వాళ్ళమ్మ ముత్తమ్మ గారు మొదటి నుంచీ చదువు చాలనే అంటున్నారట. ఇట్ల జెయ్యవడ్తిరి అని ఒక్క మాట అని కూర్చుండిపోయింది.

రేపే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తాను. గడియ తెప్పించిన దాన్ని, ఇదెంత!

3 నవంబరు, గురువారం

ఇంత అవమానం నాకెప్పుడూ జరగలేదు.

నేనూ శ్రీనివాస్ వెళ్ళాం. బస్సులు లేవు, క్లాసులూ జరగలేదు, ఆ రోజులు పనిదినాల్లో వేయకూడదు సార్ అన్నాను. ఆయన యూనివర్సిటీకి పనిదినాలు చూపించాలమ్మా అంటూ రిజిస్టర్ తీశారు. కాలేజీ నడవలేదని ఎవరన్నారు, నడవకపోతే ఈ సంతకం ఎవరిది అని వేలు పెట్టి చూపించారు. మృదుల. మృదుల. మృదుల. ఇరవై ఒక్కసారి. అంత చక్కటి చేతిరాత ఎవరిదో అని తిప్పి తిప్పి చూశారు. మీ ప్రెసిడెంట్ రాగలిగినప్పుడు మిగతావాళ్ళకేం రోగం అన్నారు.

బయటికొచ్చాక శ్రీనివాస్ అరవలేదు. అరిచినా బాగుండేది. నువ్వు సంతకం పెట్టి ఇంటికి వోయినవ్, గా సంతకమే మా గొంతు మీద కూసున్నది అన్నాడు. కృష్ణకుమారి టిఫిన్ డబ్బా పట్టుకుని వేరే బెంచీకి వెళ్ళిపోయింది.

మెట్ల కింద గదిలో కూర్చుని ఏడ్చాను. మూడు కాళ్ళ కుర్చీ కాబట్టి ఏడుస్తూ కూడా బ్యాలెన్స్ చేసుకోవాల్సి వచ్చింది.

5 నవంబరు, శనివారం

భానుమూర్తి సారుని బతిమాలాను. క్లాసు జరగలేదని ఒక్క ముక్క రాసివ్వండి సార్ అన్నాను. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. నన్ను అడక్కమ్మా, పిల్లలు గలవాణ్ణి అన్నారు. కోపం రాలేదు.

ఇంట్లో అన్నం తినకపోతే నాయనమ్మ పట్టేసింది. అంతా చెప్పాను. సాక్ష్యం లేదు నాయనమ్మా అన్నాను. ఓసి పిచ్చిమొహమా, రోజూ కిటికీ దగ్గర కూర్చుని ఆ పుస్తకం నిండా బరుకుతావుగా, అదేంటి మరి అంది.

పుస్తకం తెరిచాను. సంతకం, క్లాసు లేదు. సంతకం, క్లాసు లేదు. తారీఖుతో సహా ఇరవై ఒక్క రోజులూ ఉన్నాయి.

విగ్గు కూడా ఉంది.

8 నవంబరు, మంగళవారం, ఉదయం 5.40

వైట్‌నర్ మూత తీశాను. విగ్గు, గురక, నోరు. మూడు చోట్ల చాలు. అప్పుడు బుర్ర వెలిగింది. అక్కడ తెల్ల రంగు కనిపిస్తే మిగతాదీ నిన్న కూర్చుని రాశానంటారు. రాసింది రాసినట్టే వెళ్ళాలి.

మూత పెట్టేశాను. చచ్చాను పో.

అదే రోజు, ఇంటర్వెల్

ముందు కృష్ణకుమారికి చూపించాను. మనసుంటే నడిచి రావచ్చని రాసిన పేజీ కూడా నేనే తీసి ఇచ్చాను. చదువుతుంటే దాని మొహం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అది చదివి, పద్నాలుగు కిలోమీటర్లే తల్లి, ఒక్కపారి నువ్వు నడువు, నీ ఎనక నేను సంచి మోస్త అంది. తర్వాత కుక్క దగ్గర నవ్వింది. గురక దగ్గర పొట్ట పట్టుకుంది. నా డబ్బాలో ముద్దపప్పు అంతా తినేసింది. హమ్మయ్య.

9 నవంబరు, బుధవారం

(రఫ్ కాగితం. డైరీ చేతికొచ్చాక అంటించాలి.)

ఇచ్చేశాను. వరండా నిండా పిల్లలు. లిస్టులో ఉన్న నలభై ఒక్క మందే అనుకున్నాను, లేనివాళ్ళూ వచ్చారు. స్లోగన్ ఒక్కటి కూడా లేదు, నోరు మూసుకుని నిలబడండ్రి అని శ్రీనివాస్ ఆర్డరు. వాడి నోటికి అది ఎంత కష్టమో నాకు తెలుసు.

లోపల ముగ్గురం. సార్, ఆ సంతకాలు నావే, అవి పెట్టి నేనేం చేశానో ఇందులో ఉంది, నా హాజరు కూడా కొట్టేయండి అన్నాను. కప్పు గుర్తొచ్చింది. అయినా అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆగస్టు నుంచే మొదలుపెట్టారు. సెప్టెంబరు నుంచి చాలు సార్ అన్నాను. వినలేదు. మొదటి పేజీ చివర ఆగారు. చెయ్యి తల మీదికి వెళ్ళి దిగింది. నేను నేల వైపు చూశాను. కృష్ణకుమారి నా జడ పట్టుకుని నిలబడింది, నేను పారిపోకుండా.

ఇరవై ఎనిమిదో తారీఖు దగ్గర ఆయన మొహం ఎర్రబడింది. ఇది ఇంకెవరైనా చూశారా అని అడిగారు. లేదు సార్ అని నేను అబద్ధం ఆడబోయేలోపే, జిరాక్స్ తీసిన సార్, మూడు సెట్లు, అవసరం వడితే యూనివర్సిటీకి ఒకటి అన్నాడు శ్రీనివాస్. నిన్న చదవమని ఇచ్చిన నా డైరీ! నాకు చెప్పకుండా! నా పెసరట్లతో సహా! అక్కడే వాణ్ణి చంపేసేదాన్ని.

ప్రిన్సిపాల్ గారు డైరీ మూసి సొరుగులో పెట్టుకున్నారు. వెళ్ళండి అన్నారు. అంతే.

బయటికొచ్చి శ్రీనివాస్‌ని స్కేలుతో కొట్టాను. జిరాక్స్ తియ్యలే మేడం, ఉత్తగనే అన్న అంటూ మెట్ల చుట్టూ పరిగెత్తాడు. ఇంకో నాలుగు వేశాను.

11 నవంబరు, శుక్రవారం

(ఇదీ రఫ్ కాగితమే.) డైరీ రాలేదు. ఉదయం నుంచి మూడుసార్లు స్టూల్ వేసుకుని ఆయన గది ముందు కూర్చున్నాను. ఈసారి ఏంటమ్మా అని కూడా అడగలేదు.

12 నవంబరు, శనివారం

ఈ పేజీ రాస్తున్నది నేను, త్రినాథరావు, ప్రిన్సిపాల్.

మొత్తం రెండుసార్లు చదివాను. ఆ ఇరవై ఒక్క రోజులూ పనిదినాల నుంచి తీసేశాను. డిటైన్డ్ లిస్టు చించేశాను. కొత్త అటెండెన్స్ ప్రకారం కృష్ణకుమారికి నూటికి నూరు. నీకు తొంభై ఆరు. ఈ సంవత్సరం కప్పు ఆమెది.

విగ్గు విషయం: సోమవారం మీ సెక్రటరీని పంపు. లాగి చూసుకోమను. గట్టిగానే.