సాసరులో చాయ్

తమ్ముడూ,

నువ్వు పోయాక ఇదే మొదటి మిర్చి సీజను. మార్కెట్ యార్డుకు పోయే మిర్చి బండ్ల ఘాటుకు వీధిలో అందరమూ దగ్గుతున్నాం. నీ బిడ్డ శ్రావణి మాత్రం దగ్గినప్పుడల్లా నీ జబ్బే తనకూ వచ్చిందనుకుంటోంది. "ఊపిరితిత్తులు మంచిగున్నయమ్మా, భయమే పట్టుకున్నది" అని డాక్టరు చెప్పినా నమ్మలేదు.

ఇవాళ పొద్దున దగ్గి దగ్గి గోడకు ఆనుకుని కూలబడింది.

"అత్తా, ఊపిరి ఆడుతలేదు."

నీ వేలికి పెట్టిన ఆక్సీమీటరే తెచ్చి పెట్టుకుంది. అంకె బాగానే ఉంది. కానీ దాన్ని చూస్తున్నకొద్దీ ఇంకా గబగబా పీల్చసాగింది. వేళ్లు కొంకర్లు పోయాయి. ఫికర్ చెయ్యకు బిడ్డా అన్నా వినలేదు.

ఆ మిషను లాగేసి, పొయ్యి మీది చాయ్ సాసరులో పోసి ఆమె మూతి దగ్గర పట్టాను.

"మీ బాపు ఊదినట్టు ఊదు బిడ్డా, నిమ్మళంగ."

మొదటిసారి చాయ్ నా చేతి మీదికి చిందింది. నేను సాసరు కదపలేదు. నాలుగైదుసార్లకు నీలాగే పెదాలు గుండ్రంగా చుట్టి, మీగడ అవతలి అంచుకు జరిగేదాకా పొడుగ్గా ఊదింది. వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

"బాపు గిట్లనే సప్పుడు చేసేటోడు గదా అత్తా" అంది.

చివర్లో నీకు ఊదే ఊపిరి కూడా లేకపోతే నేనే చల్లార్చి తాగించేదాన్ని. ఇప్పుడు మిగిలిన చాయ్ సాసరులో పోసుకుని కూర్చున్నాను. అది ఎప్పుడో చల్లారిపోయింది. అయినా ఊదుతూనే ఉన్నాను.

అక్క