కర్బూజలు పట్టిన చేతులు

నాయనా కోదండరామీ,

బళ్ళారిలో నేను బాగుండా. కొత్త కండ్లద్దాలు వచ్చినాయి. ఇంగ మీ అమ్మ అందంగా కనపడతాదేమో చూడల్ల.

నిన్న మన ఉరుకుందు ఆడిన కాలేజీ క్రికెట్ ఆట చూస్తి. పోయినేడు చేతిలో పడిన బంతులన్నీ జారిడిసిన నీ కొడుకు, నిన్న మూడు పట్టినాడప్పా! గుట్టు చెప్తా, కోప్పడాకు. ఎండాకాలం సెలవుల్లో వాడు ఈడ చదువుకుంటాండాడని నీకు అబద్ధం చెప్తి. మార్కెట్లో పండ్లమ్మే జంబన్న కాడ కర్బూజకాయలు దించే పనికి పెట్టింటి. బండి మీదనుంచి ఇసిరితే కింద పట్టల్ల. మొదటి దినం ఐదు పగలగొట్టె, నేనే తింటి. "చేతులు బిగదీయాకప్పా, కాయతో పాటు ఎనక్కి రానీ" అని జంబన్న నేర్పిచ్చె.

ఎనుము ఈనిందా? జొన్నపిండి, ఎర్రకారం బస్సులో పంపు. ఈడ రొట్టెలు అట్టముక్కలు.

బంతి పట్టేది రాదని, ఈ ఏడు ఆట మానిపిస్తానని వానికి రాసినావంట. నువ్వు మొదటి ఏడు మడక పట్టినప్పుడు సాళ్ళు పాము పోయినట్ల తోలితివి. నేను సేద్యం మానిపిస్తినా? మరుసటేడు నీ సాలే ఊర్లో సక్కన. వాణ్ణీ ఆడనీ.

ఇంట్లో అందరికీ నిండా దీవెనలు. నీకు మాత్రం సగమే, సరే అని జాబు రాస్తే మిగతా సగం.

మీ నాయన
వెంకటరామి