శెనక్కాయ పూల అంచు

సెప్టెంబర్ 9
ధర్మవరం నుంచి తిరుగు రైలు. కిటికీ పక్క సీటు, ఒళ్లో ఈ డైరీ, కడుపులో కోపం. కోపంగా ఉన్నప్పుడే నా చేతిరాత కుదురుగా ఉంటుందని పద్మ అంటుంది. పెళ్లాం మాట అబద్ధం కాదు, పైనున్న రెండు లైన్లూ ముత్యాల్లా ఉన్నాయి.

అక్కడ నాగరత్న నడిపే చేనేత సంఘంలో అట్టలు గుద్దే మిషన్ ఆగిపోయింది. మిషన్ ఇనుము, దానికేం కాలేదు. దాన్ని నడిపే పాత కంప్యూటర్లో ఫ్లాపీ డ్రైవ్ చచ్చింది. డిజైన్ ఫ్లాపీలోంచి రావాలి, మిషన్ ఆ ప్రకారం అట్టల మీద బొక్కలు కొట్టాలి, అట్టలు మగ్గం నెత్తిన ఉండే జకార్డ్ మీదికి ఎక్కాలి... అప్పుడే ఏ పోగు లేవాలో మగ్గానికి తెలిసేది. ఇప్పుడు ఏమీ తెలీదు.

ఇంతలో గద్దలా దిగాడు మిషన్లమ్మే కంపెనీ మనిషి. కొత్త మిషన్ ఊరికే ఇస్తాడట. ఊరికే! డిజైన్లు మాత్రం వాళ్ల కంప్యూటర్లలో ఉండాలట. ఒక్క అట్ట గుద్దాలన్నా వాళ్లు తలుపు తీయాలి. దసరా అయ్యాక సంతకాలకు వస్తాడు. నాగరత్న కొత్త అంచు గీసి పెట్టుకుంది, శెనక్కాయ పూల అంచు. హంసలు, మామిడి పిందెలు ఎవరైనా నేస్తారు. మన చేలల్లో ఆకుల కింద దాక్కునే ఆ పసుప్పచ్చ పువ్వును చీర మీదికి తెచ్చినవాళ్లు ఎవరు?

"నీ పువ్వు వాడి బీరువాలో ఎందుకమ్మా?"
"మరి గుద్దేదెట్లన్నా? గోర్లతో గుద్దాల్నా?"

పదిమందిలో జవాబు లేకపోవడం నాకు అలవాటు లేదు.

సెప్టెంబర్ 11
ఒక జవాబు ఉంది.

గుద్దే ప్రోగ్రాం ఎవరు రాశారో వాళ్ల కొట్టు మూతపడి ఏళ్లయింది. విప్పి చూద్దామంటే దాని అసలు రాత, సోర్స్ కోడ్, ఎవరి దగ్గరా లేదు. కానీ అది స్వయంగా ఫ్లాపీని తాకదు. "ఫ్లాపీలోది చదివి ఇవ్వు" అని ఆపరేటింగ్ సిస్టంను అడుగుతుంది. ఆ నల్ల తెర సిస్టంను లోకం చెత్తబుట్టలో వేసింది. వేయనీ. దాని నడిబొడ్డున, కెర్నల్లో, ఆ పిలుపు వెళ్లే దారి ఇప్పటికీ తెరిచే ఉంది. దారిలో నేను కాపు కాస్తాను. పిలుపు రాగానే పట్టుకుని, ఫ్లాపీకి బదులు ఒక మెమరీ కార్డులోంచి తీసి ఇస్తాను. ప్రోగ్రాంకు ఫ్లాపీ చచ్చిన సంగతే తెలియకూడదు.

యంత్రానికి అతి దగ్గరి భాష అసెంబ్లీ, అందులోనే రాయాలి. ఇంకో భాష అక్కడ ఇమడదు. పాలిటెక్నిక్‌లో నేను చెప్పిన పాఠమే. "ఇదంతా ఇప్పుడెవురికి కావాల సార్" అని సబ్జెక్టే ఎత్తేశారు. ఎవరికి కావాలో ధర్మవరం వెళ్లి చూడండయ్యా!

సెప్టెంబర్ 14
పెనుకొండలో దిగాను. పాత స్నేహితుడు గౌస్ కొట్టు. రేడియోలు బాగుచేసే రోజుల నుంచీ అతను ఏదీ పారేయడు. మెట్ల కింద గుట్టగా పాత కంప్యూటర్ బోర్డులు.

"ఏమబ్బా, మళ్లా ఎవురి మీద యుద్ధం?"
"పాతది పనికిరాదనే వాళ్ల మీద."
"అట్లయితే నన్నూ నిన్నూ కాపాడే యుద్ధమే. కూచో, టీ తాగు."

సంఘంలో ఉన్న రకం బోర్డే ఒకటి దులిపి ఇచ్చాడు. ఇంట్లో దీని మీద పరీక్షలు చేసుకోవచ్చు, అసలు దాన్ని చెడగొట్టకుండా. ఎంత అంటే నోరు మూసుకో అన్నాడు. ఇలాంటివాళ్ల గురించి ఏ వ్యాపార పేజీలోనూ రాయరు.

సెప్టెంబర్ 16
రాశాను. ఎక్కించాను. కంప్యూటర్ బిగుసుకుపోయింది.

సెప్టెంబర్ 17
మళ్లీ బిగుసుకుపోయింది. పద్మ టీ పెట్టి తెర వైపు చూసి — "నల్లగా ఉండాది, అంతే కదా? నిన్నా నల్లగానే ఉండె."

సెప్టెంబర్ 19
దొరికింది. ప్రోగ్రాం వాడుకుంటున్న ఒక రిజిస్టర్‌లో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న అరలో, నా అంకె పెట్టి, పాతది తిరిగి పెట్టకుండా వచ్చేశాను. ఎదుటివాడి ఇంట్లో చెంబు తీసి నీళ్లు తాగి, చెంబు వీధిలో వదిలేసి వచ్చినట్టు. కెర్నల్లోకి వెళ్లినవాడు తన ఉనికి తెలియకుండా తిరిగి రావాలి. ఉపన్యాసకులకు కష్టమైన పని.

సెప్టెంబర్ 20
డ్రైవ్ లేని కంప్యూటర్‌ను ఫ్లాపీలో ఏముందని అడిగాను. మెమరీ కార్డులో నేను పెట్టిన పువ్వు ఫైలు పేరు చూపించింది! ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను. వంటింట్లోంచి పద్మ — "ఏమి, ఎవురన్నా చచ్చినారా, గెలిచినారా?"

సెప్టెంబర్ 22
ధర్మవరం. ఎక్కించాం. మిషన్ కదిలింది, టకటకటక... అంత జోరు దానికి ఎప్పుడూ లేదట. సంఘం ఆడవాళ్లంతా మూగారు. మొదటి అట్ట బంగారం. ఆ తర్వాతవి — ఒక పక్క బొక్కలు సగం, ఒక పక్క అసలు లేవు. చెదలు తిన్నట్టు.

నాగరత్న ఒక అట్టను వెలుతురుకు పెట్టి చూసి, తిరిగి కట్టలో పెట్టేసింది. ఏదైనా అంటే వాదించేవాణ్ణి.

సెప్టెంబర్ 25
కోడ్ ప్రతి లైనూ మళ్లీ చదివాను. తప్పు లేదు. మెమరీ కార్డులో ఉన్నది ఉన్నట్టే ఇస్తున్నాను. మరి తప్పు ఎక్కడ?

సెప్టెంబర్ 27
ఫోన్‌లో నాగరత్న. "కంపెనీ ఆయప్ప మళ్లా ఫోన్ చేసినాడన్నా. దసరా అయిన మూడో దినం వస్తానంటాడు. మగ్గాలు ఖాళీగా ఉండాయి, నేనేం చెప్పాల?" అరగంట సేపు ఆస్తి గురించి, శ్రమ గురించి, ఆలోచనకు యజమాని ఎవరనే దాని గురించి మాట్లాడాను. అంతా విని, "సరేన్నా, అట్ట ఎప్పుడు గుద్దుతాది?" అంది.

అక్టోబర్ 1
ఆయుధ పూజ. ఖాళీ రోజు కదా, ప్రశాంతంగా పరీక్షించుకోవచ్చని పొద్దున్నే వెళ్లాను. వెళ్లేసరికి మిషన్ మెడలో బంతిపూల దండ. కీబోర్డు మీద కుంకుమ. కీబోర్డు మీద!

"అన్నా, ఈ పొద్దు దాన్ని ముట్టుకోగూడదు."
"మిషన్‌కు సెలవేంటమ్మా? దానికి నడుం నొప్పా?"
"ఏడాదంతా మనకు చాకిరీ చేస్తాండాది. ఒగ దినం ఇడిస్తే నీ సొమ్మేం పోతాది?"
"మూడు రోజుల్లో నీ పువ్వు పోతుంది!"
"పోతే పోనీ. ఈ పొద్దు మాత్రం ముట్టగూడదు."

నలుగురిలో గట్టిగా అరుచుకున్నాం. ఓడిపోయాను. బొరుగులు, బెల్లం చేతిలో పెట్టి మూల స్టూల్ మీద కూర్చోబెట్టారు. నాస్తికుణ్ణి, ప్రసాదం తింటూ కూచున్నాను. ఆకలేసింది మరి.

నాగరత్న అట్టల్లో బొక్కలు కొట్టే సూదుల చట్రానికి కూడా బొట్టు పెట్టాలని దాన్ని పైకెత్తింది. పెట్టి వదిలింది. చట్రం దిగుతోంది... దిగుతోంది... ముసలి స్ప్రింగు, ముసలి మనిషి అరుగు మీద కూచున్నట్టు నింపాదిగా. నా చేతిలో బొరుగులు అక్కడే ఆగాయి.

ఫ్లాపీ నిదానస్తురాలు. ప్రతి అట్టకూ ఒకసారి తిరిగి, వెతికి, చదివి ఇచ్చేది. ఆ కాస్త ఆలస్యంలోనే చట్రం తన చోటికి వచ్చి కూచునేది. చట్రం వచ్చిందా లేదా అని ప్రోగ్రాం ఏనాడూ చూడలేదు, చూడాల్సిన అవసరమే రాలేదు. నేను వచ్చి కళ్లు మూసి తెరిచేలోగా అంతా అందిస్తున్నాను. అది వెనక్కి రాకముందే కొట్టమంటున్నాను.

వేగం, వేగం అని పరిగెత్తే కొత్త లోకాన్ని తిడుతూ పేజీలు నింపినవాణ్ణి. పని గంటల మీద ఎన్ని కరపత్రాలు! మిషన్‌కు ఊపిరి తీసుకునే తీరిక నేనే ఇవ్వలేదు. దీనికీ కుంకుమకూ ఏ సంబంధమూ లేదని ఇక్కడ స్పష్టంగా రాసిపెడుతున్నాను.

అక్టోబర్ 2
ప్రతి పిలుపుకూ కాస్త ఆగి ఇవ్వమని రాశాను. ఎంత ఆగాలో కంప్యూటర్ గడియారం కొట్టే దెబ్బలు లెక్కపెట్టుకోమన్నాను. ఆగింది. ఆగుతూనే ఉంది. పద్మ అటుగా వెళ్తూ — "మళ్లా నలుపే?"

అక్టోబర్ 3
సిగ్గుచేటు. పిలుపు రాగానే మిగతా చప్పుళ్లన్నీ ఆపేస్తుంది ఆ యంత్రం, గడియారం దెబ్బతో సహా. చెవులు మూసుకున్నదాన్ని నేను, గంట ఎప్పుడు వినిపిస్తుందా అని కూచోబెట్టాను. ఒకే ఒక్క ఆజ్ఞ చేర్చాను: చెవులు తెరువు. నడిచింది. రేపు మొదటి రైలుకే.

అక్టోబర్ 4
టక్... టక్... టక్. మునుపటి నడకే. అట్ట తర్వాత అట్ట, ఒక్క బొక్క తప్పలేదు.

"పూజ చేసినాంకనే కదన్నా నడిచింది?"
"కాదు!"
"సరేలే."
ఆ సరేలే దగ్గర వాదన ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు.

సగం అట్టలు పడ్డాయి, కరెంటు పోయింది. అప్పుడే కంపెనీ మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఒప్పందం. "చూస్తిరా, పాత మిషన్లంటే ఇంతే" అన్నాడు. కరెంటుకు కూడా మా మిషనే కారణం! నేను నోరు తెరిచాను. నాగరత్న నా వైపు ఒక్క చూపు. మూశాను.

పడిన అట్టల్ని వరుసగా కుట్టి జకార్డ్ మీదికి ఎక్కించారు. చేమగ్గానికి కరెంటుతో పనేముంది? నాగరత్న మగ్గం గుంటలోకి దిగింది. నేసేటప్పుడు పువ్వు మొహం కిందివైపు ఉంటుంది కదా, బట్ట కింద చిన్న అద్దం పెట్టారు. ఆమె తొక్కుతోంది, జరీ పోతోంది, వస్తోంది. అందరం అద్దంలోకి వంగాం, కంపెనీ మనిషి కూడా. ఒక రెక్క. పసుప్పచ్చ. దాని కింద ఆకు అంచు.

అతను గొంతు సవరించుకున్నాడు. "అయితే... మళ్లా ఎప్పుడు రమ్మంటారు మేడం?"
ఆమె తలెత్తలేదు. "మీ కొత్త మిషన్ పాతబడినాంక రాండి. అప్పుడు సూస్తాం."

అక్టోబర్ 6
కరెంటు వచ్చిందని ఫోన్. మిషన్ మొదలైంది గానీ కంప్యూటర్లోంచి కొత్త చప్పుడు వస్తోందట, కీచుమని. హార్డ్ డిస్కా? ఫ్యానా? ఫ్యాన్ అయితే గౌస్ దగ్గర ఉంటుంది. డిస్క్ అయితే... సంఘం పాత డిజైన్లన్నీ అందులోనే.

"ఆపమంటావా అన్నా?"
"వద్దు. ముందు పువ్వు కానీ."

ధర్మవరం రైల్లో ఉన్నాను, పెనుకొండ స్టేషన్ వస్తోంది. ఫోన్ చేసి చెప్పానుగా, గౌస్ ప్లాట్‌ఫాం మీదే ఉన్నాడు, చంకలో ఏదో మూట. సగం పువ్వు నేతలో ఉంది, సగం ఇంకా అట్టల్లో.