పచ్చదీపం వెనక పద్నాలుగు పేర్లు

సెప్టెంబర్ 8, సోమవారం

బిల్డ్ సర్వర్‌ని అప్‌గ్రేడ్ చేసే పని నా మీద పడింది. ఎవరూ చెయ్యెత్తలేదు. కాదనడం చేతకాని దాన్ని కనుక నాకిచ్చారు.

మేం పిల్లల వార్డులకు మందు మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఎవరు కోడ్ మార్చినా ఈ సర్వర్ దాన్ని తీసుకుని టెస్టులన్నీ నడిపి, హాల్లో టీవీ మీద పచ్చదీపమో ఎర్రదీపమో వెలిగిస్తుంది. పచ్చయితే ఆసుపత్రులకు వెళ్తుంది. ఏడేళ్లుగా ఆ సర్వర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. కొత్తగా మాతో ఒప్పందానికి వస్తున్న ఆసుపత్రి ఆడిటర్ చూసి, ఇన్ని కన్నాలున్న ఇంట్లో మా పిల్లల వివరాలు పెట్టేది లేదు, అక్టోబర్ మూడులోగా మార్చండి అన్నాడట.

టీమ్ లీడ్ సునోజ్ సార్ సర్వర్‌ని ముసలాయన అంటాడు. ముసలాయనకు నెమ్మదైన చెయ్యి కావాలి మోళే, నువ్వైతే నిద్ర చెడకుండా స్నానం చేయిస్తావు అన్నాడు. అందరూ నవ్వారు. నన్ను మోళే అనొద్దని చెప్పాలనుకుని రెండేళ్లయింది. నేనేం ఈయన కూతుర్ని కాను.

సెప్టెంబర్ 9

సర్వర్ వంటగదిలో ఉంది. ఫ్రిజ్ వెనక. మూత తీశాను. బల్లి గుడ్లు, బొద్దింక రెక్కలు, జిడ్డుతో గట్టిపడిన దుమ్ము. వేడిగాలి వచ్చే చోట ఎవరో ఎండు రొయ్యల డబ్బా పెట్టారు, వెచ్చగా ఉంటుందని. ఎనిమిది మంది ఇంజనీర్లు రోజూ దీని పక్కనే నిలబడి అన్నం తింటారు.

పాస్‌వర్డ్ సర్వర్ మీదే టేపుతో అంటించి ఉంది. అందరిదీ అదే.

మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నాను. వాసన పోలేదు.

సెప్టెంబర్ 11

ప్లాన్ రాసి చూపించాను. ముందు పూర్తి బ్యాకప్. ఆ బ్యాకప్‌ని వేరే యంత్రం మీద తిరిగి లేపి చూడాలి. ఆ నకలు మీదే ఒక్కో వెర్షన్ చొప్పున మెట్టుమెట్టుగా పైకెక్కాలి, ఒక్క గంతు వెయ్యకూడదు. చివర్లో ఒకే కోడ్ పాతదానికీ కొత్తదానికీ ఇచ్చి, రెండూ ఒకే మాట చెప్తున్నాయో లేదో చూడాలి. అప్పుడే మార్పు.

సునోజ్ సార్ చదవలేదు. ఎత్తి తూకం చూసినట్టు చూశాడు. అప్‌గ్రేడ్ అని బటన్ ఉంది కదమ్మా, నొక్కడానికి ఇంత నవల దేనికి అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా, కాన్వెంట్ పిల్లలంతే, చెయ్యి కడుక్కునే ముందు కూడా ఒకసారి చెయ్యి కడుక్కుంటారు అన్నాడు.

నేనూ నవ్వాను. అదే నాకు అసహ్యం.

సెప్టెంబర్ 15

బ్యాకప్ తొమ్మిది గంటలు పట్టింది. తిరిగి లేపి చూస్తే లేవలేదు. సగం ఫైళ్లు లేవు. లేపి చూడకపోతే బ్యాకప్ ఉందనుకుని నిద్రపోయేదాన్ని. మళ్లీ తీశాను. ఈసారి లేచింది.

సెప్టెంబర్ 17

ప్లగిన్లు, అంటే సర్వర్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రాములు, తొంభై నాలుగు. వాటిలో అరవై ఒకటి ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు.

సెప్టెంబర్ 18

నకలుని వెలిగించే ముందు దానికి బయటి దారులన్నీ తెంచాను. లేకపోతే అది తనే అసలుదాన్ననుకుని, లేచీ లేవగానే పదకొండు ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ పంపేసేది. ఈ సంగతి సునోజ్ సార్‌తో చెప్తే, అవునా, భలే అన్నాడు. భలే!

సెప్టెంబర్ 22, సోమవారం

మొదట సర్వర్‌ని నడిపించే జావా మార్చాను. తర్వాత నాలుగు మెట్లు. రెండో మెట్టు మీద పడిపోయింది, ఒక పాత ప్లగిన్ వల్ల. దాన్ని తీసి మళ్లీ ఎక్కించాను. ఇవాళ రెండు సర్వర్లకూ ఒకే కోడ్ ఇచ్చాను.

పాతది అంతా పచ్చ. కొత్తది పదమూడు ఎరుపు.

నీ కొత్త కోడలు వచ్చిన రోజే ఇంట్లో తప్పులెంచుతోంది, నాలుగు తగిలించి దారికి తే అన్నాడు సునోజ్ సార్.

సెప్టెంబర్ 23, ఉదయం 11

కొత్తది అబద్ధం చెప్పడం లేదు. ఆ పదమూడు టెస్టులూ నిజంగానే ఫెయిలవుతున్నాయి. పాత సర్వర్లో చిన్న ప్లగిన్ ఒకటి ఉంది, బయట ఎక్కడా దొరకదు, ఇక్కడే రాసింది. దాని దగ్గర టెస్టుల పేర్ల జాబితా ఉంది. జాబితాలో ఉన్న టెస్టు ఏదైనా ఫెయిలైతే, పాసయిందని రాసేస్తుంది. నేను రెండో మెట్టు మీద తీసేసింది దీన్నే.

రాసినవారి పేరు మొదటి లైన్లోనే ఉంది. సునోజ్.

సాయంత్రం 4

పదమూడు ఎరుపులు స్క్రీన్ రంగులూ తేదీల తీరూ లాంటివి. కాని జాబితాలో పేర్లు పద్నాలుగు. పద్నాలుగోది ఇప్పుడు నిజంగానే పాసవుతోంది. అది మూడు కిలోల లోపు బిడ్డల మోతాదు టెస్టు. రాసింది ప్రసీద చేచ్చి. ఇక్కడ అక్కని చేచ్చి అంటారు.

పాత రికార్డులు తీశాను. పోయినేడు జూలై 19న దాన్ని జాబితాలో చేర్చారు. ఆ రోజు నుంచి అక్టోబర్ 4 దాకా రోజూ ఫెయిలైంది. రోజూ పచ్చదీపం వెలిగింది. డెబ్బై ఎనిమిది రోజులు.

అక్టోబర్ 4న ఒక ఆసుపత్రిలో రెండు కిలోల ఆరు వందల గ్రాముల బిడ్డకు పది రెట్ల మోతాదు ప్రింటయింది. నర్సు కాగితం చూసి అనుమానపడి ఆపింది కనుక ఆ బిడ్డ బతికింది. తప్పుని ఆ రాత్రికే సరిదిద్దారు. ఆ తర్వాత కాన్ఫరెన్స్ రూంలో విచారణ. ప్రసీద చేచ్చి అప్పుడు మా టెస్టర్. నేను ఆ టెస్టు రాశాను సార్, రాశాను అని రెండుసార్లు అంది. సునోజ్ సార్ టీవీ చూపించి, రాస్తే ఎరుపు రావాలి కదమ్మా, అంతా పచ్చగా ఉందే, నీ టెస్టుకి కళ్లు లేవా అన్నాడు. ఆమెను టెస్టింగ్ నుంచి తీసి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు.

నేను ఆ గదిలో ఉన్నాను. మినిట్స్ రాసింది నేనే.

ఇప్పుడు ఆమెకు వేరే కంపెనీలో టెస్టర్ ఉద్యోగం దొరికేలా ఉంది. వాళ్లకు మా యజమాని పణిక్కర్ సార్ ఉత్తరం కావాలి. ఏం రాయాలో పూజ అయ్యాక ఆలోచిస్తానన్నాడట.

సెప్టెంబర్ 24

సునోజ్ సార్ తనే వచ్చాడు. పరిప్పువడ పొట్లం నా కీబోర్డ్ మీద పెట్టాడు. నూనె కారింది.

నా దగ్గర ఏం దాచలేదాయన. గురువారం గురువారం రిలీజ్ ఉండేది, ఎర్రదీపం చూస్తే పణిక్కర్ సార్ పూనకం వచ్చినట్టు ఊగేవాడు, రెండు రోజులు ఆ టెస్టుల నోరు మూయిద్దామని పెట్టాను, మర్చిపోయాను అన్నాడు. మరి విచారణ రోజు గుర్తు రాలేదా అని అడగాలనుకున్నాను. మొహం చూస్తే తెలిసింది, ఆ రోజు బాగానే గుర్తొచ్చింది. ఎవరికేమైంది చెప్పు, బిడ్డ బాగుంది, ప్రసీదకి జీతం వస్తోంది, నాకు ఇద్దరు పిల్లలు అన్నాడు. ఆ ప్లగిన్ కొత్తదాంట్లో పెట్టెయ్ మోళే, పాత రికార్డులు మోసుకురాకు, శుభ్రంగా మొదలెడదాం అన్నాడు.

శుభ్రంగా అనే మాట ఆయన నోట్లో విన్నాక ఆ మాట కూడా జిడ్డుగా అనిపించింది. వడలు కాకులకు వేశాను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

సోమవారం సాయంత్రం పూజవెప్పు. పుస్తకాలూ పనిముట్లూ సరస్వతి ముందు పెట్టేస్తే గురువారం పొద్దున తీసేదాకా పని లేదు. ఎవరూ కోడ్ మార్చరు కనుక మార్పుకి ఇంతకంటే మంచి సమయం లేదని పణిక్కర్ సార్‌తో చెప్పాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. పూజలో కూర్చున్నవాణ్ణి లేపి ఆపరేషన్ చేస్తావా అన్నాడు. పూజలో పెట్టేది పాతది సార్, కొత్తది పెట్టం కదా అన్నాను. చాలాసేపు ఆలోచించి, అది సరే, పుట్టనిదానికి మైల లేదు అన్నాడు. గురువారం అందరి ముందూ కొత్తదాన్ని నువ్వే వెలిగించాలి అన్నాడు. ఆడిటర్ కూడా వస్తాడట.

సెప్టెంబర్ 29, సోమవారం

మధ్యాహ్నం సునోజ్ సార్ పాత సర్వర్ డిస్క్ తుడిచేశాడు. దేవి ముందు కూర్చునేవాడు కడుపు ఖాళీగా ఉండాలి కదా అని జోక్ వేశాడు. నీ దగ్గర బ్యాకప్ ఉందా అని అడిగాడు. ఉంది సార్, కంపెనీ క్లౌడ్‌లో అన్నాను. తీసెయ్ అన్నాడు. నేనేం అనలేదు. నేనేం అనకపోతే ఒప్పుకున్నట్టే అని ఈ ఆఫీసులో అందరి నమ్మకం.

సాయంత్రం ఆ ఖాళీ డబ్బాకు గంధం పూసి, బంతిపూల దండ వేశారు. సునోజ్ సార్ కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

సెప్టెంబర్ 30

ఈ పూజ రోజుల్లో రాయకూడదు, చదవకూడదు అంటారు. రాస్తున్నాను. నేను మొక్కే దేవుడికి ఆ పట్టింపు లేదు.

మెట్రోలో తృప్పూణితుర వెళ్లి ప్రసీద చేచ్చి ఇల్లు కనుక్కున్నాను. డెబ్బై ఎనిమిది రోజుల రికార్డు ప్రింట్ తీసి తీసుకెళ్లాను. ఏడుస్తుందనుకున్నాను. కౌగిలించుకుంటుందని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆమె గుమ్మంలోనే నిలబడి చివరిదాకా చదివింది. తర్వాత, ఆ రోజు మినిట్స్ రాసింది నువ్వే కదూ అంది. అవునన్నాను. రాశాను అని నేను రెండుసార్లు అన్నాను, నీ కాగితంలో ఒక్కసారి కూడా లేదు అంది. నిజమే. సునోజ్ సార్ అక్కర్లేదంటే కొట్టేశాను.

కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టింది. ఏమ్మా, దొంగసరుకులా ఇంటికి తెచ్చిస్తావా? ఏ గదిలో నా పరువు తీశారో ఆ గదిలో చెప్పు. నోరు ఉంది కదా నీకు? లేకపోతే ఆ మాటైనా చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాను అంది. కూర్చోమనలేదు. మంచినీళ్లు అడగాలనిపించలేదు.

సునోజ్ సార్ మీద నాకున్న అసహ్యంలో ఇన్నాళ్లూ ఎంత సుఖంగా కూర్చున్నానో మెట్రోలో తెలిసింది.

అక్టోబర్ 1

నా లాప్‌టాప్ పూజలో ఉంది కనుక ఇంట్లో మా అన్నయ్యది తీసుకుని, క్లౌడ్‌లోని బ్యాకప్ నుంచి పాత రికార్డులన్నీ కొత్త సర్వర్లోకి ఎక్కించాను. ప్లగిన్ పెట్టలేదు. పాస్‌వర్డులన్నీ మార్చాను. అద్దం ముందు నాలుగు వాక్యాలు చదివి చూసుకున్నాను. మూడోదాన్ని ప్రతిసారీ దాటేస్తున్నాను.

అక్టోబర్ 2, విజయదశమి

పళ్లెంలో బియ్యం పోసి కాన్ఫరెన్స్ రూం బల్ల మీద పెట్టారు. పూజ ఎత్తగానే, అంటే పూజలో పెట్టినవి తీయగానే, అందరూ అందులో వేలితో మొదటి అక్షరాలు రాయాలి, తర్వాతే పని. ముందు కొత్త సర్వర్ వెలిగించమ్మా, అది చూసి రాద్దాం అన్నాడు పణిక్కర్ సార్. వెలిగించాను. టీవీ మీద పదమూడు ఎరుపు. గదిలో గొణుగుడు. సునోజ్ సార్ నవ్వుతూ, పిల్ల కంగారులో ఏదో మర్చిపోయింది సార్, అరగంటలో పచ్చ చేస్తాను అన్నాడు.

ఏం మర్చిపోలేదు అన్నాను.

నాలుగు వాక్యాలు చెప్పాను. మూడోదాంట్లో సునోజ్ సార్ పేరుంది, దాన్ని దాటెయ్యలేదు. జూలై 19 రికార్డు టీవీ మీద పెట్టాను. మినిట్స్‌లో ప్రసీద చేచ్చి మాట కొట్టేసింది నేనే అని కూడా చెప్పాను. అది నాలుగో వాక్యం.

ఆడిటర్ లేచి టీవీ దగ్గరకు వెళ్లి చదువుకున్నాడు. సునోజ్ సార్ ఫోన్ చూసుకున్నాడు. మంచిరోజు పూటా ఇదేమిటమ్మా, సోమవారం మాట్లాడుకుందాం, ముందు రండి, రాయండి అని పణిక్కర్ సార్ పళ్లెం ముందుకు జరిపాడు.

ప్రసీద చేచ్చి పళ్లెం పక్కకు జరిపి, ఆ చోట కంపెనీ లెటర్‌హెడ్ ఒకటి పెట్టింది. పెన్ను మూత తీసి ఇచ్చింది. సార్, పూజ ఎత్తాక మొదటి రాత మీదే. పోయినేడు ఆ టెస్టు నేను రాశానని రాయండి, నా ఉత్తరంలో మొదటి వాక్యం అదే ఉండాలి అంది. పూజ అయ్యాక ఆలోచిస్తానన్నారు కదా, అయింది అంది.

ఆయన పెన్ను పట్టుకుని మా అందరి వంకా చూశాడు. ఆడిటర్ వంక ఎక్కువసేపు చూశాడు. తర్వాత రాశాడు. చెయ్యి మెల్లగా, మొదటిసారి దిద్దుతున్నవాడిలా కదిలింది.

చేచ్చి చదువుకుని, సార్, నా పేరులో పొరపాటు పడింది అంది. ఆయన ఇంకో కాగితం తీసుకున్నాడు.

వెళ్తూ నా కుర్చీ పక్క నుంచే వెళ్లింది. నా వైపు చూడలేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

పొద్దున్నించి ఎవరూ నాతో మాట్లాడలేదు. నాలుగింటికి ఎరుపులు పన్నెండు అయ్యాయి. ఎవరు సరిచేశారో చూశాను. సునోజ్.

టెస్టు మళ్లీ నడిపించి చూశాను. నిజంగానే పాసయింది.